బొమ్మ యెందుకు నిలబడిపోతుంది?

కంప్యూటరు మంచిదే. ఉత్తరం రాయమంటే రాస్తుంది, లెక్క వేయమంటే వేస్తుంది, పిల్లవాడి మార్కుల జాబితా అడిగితే తెచ్చి ముందు పెడుతుంది. వీడియో పెట్టేసరికి మాత్రం దానికి పూనకం వస్తుంది. కథానాయకుని ముఖం మీద ఆకుపచ్చ గళ్లు లేస్తాయి. మాట ముందు వస్తుంది, పెదవులు తరువాత కదులుతాయి. మంచి పట్టులో వుండగా బొమ్మ కాస్తా నిలబడిపోతుంది. యింట్లో పెద్దవారు "కరెంటు పోయిందా?" అంటారు. కరెంటు వుంది. "ఇంటర్నెట్టు పోయిందా?" అంటారు. అదీ వుంది. అప్పుడు యింటి యజమాని లేచి, కంప్యూటరు డబ్బా నెత్తిన అరచేత్తో ఒక చరుపు చరుస్తాడు. రేడియోల కాలం నుంచీ వస్తున్న వైద్యం అది. ఒక్కొక్కసారి పనిచేస్తుంది కూడాను. యెందుకు పనిచేస్తుందో ముందు చెబుతాను.

మా కరీంనగరం, ఆదిలాబాదు ప్రాంతాలలో యీ బాధ కొంచెం యెక్కువే. 2016 అక్టోబరులో యీ రెండు జిల్లాలూ జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాదు అంటూ పిల్లలు పెట్టాయి గాని, ఎండా దుమ్మూ మాత్రం ఉమ్మడిగానే వున్నాయి. యిక్కడి మధ్యతరగతి యింట్లో కంప్యూటరు కొత్తగా దుకాణంలో కొన్నది కావడం అరుదు. కొడుకు హైదరాబాదు వెళ్లి కొత్తది కొనుక్కుంటే పాతది యింటికి చేరుతుంది. లేదా 2008లో ప్రారంభమైన బాసర ట్రిపుల్ ఐటీలో సీటు వచ్చిన పిల్ల చదువు ముగించి, తన ల్యాప్‌టాపు తమ్ముడికి వదిలి వెళుతుంది. 2020 సెప్టెంబరు 1న దూరదర్శన్ యాదగిరిలోనూ, టీశాట్‌లోనూ బడి పాఠాలు మొదలైనప్పుడు యీ పాత యంత్రాలన్నీ అటకల మీద నుంచి దిగాయి. ఆ యేడు పిల్లల చదువు వాటి ఓపిక మీద ఆధారపడి సాగింది. లెక్కల మాస్టారి చెయ్యి బోర్డు మీద సగం అంకెలో ఆగిపోతే, ఆ అంకె మూడో ఎనిమిదో పిల్లవాడికి తెలిసేది కాదు.

వెనుక టూరింగు టాకీసుల్లోనూ బొమ్మ నిలబడేది. ఫిల్ము చట్రంలో చిక్కుకుంటే దీపం వేడికి క్షణంలో ఉడికి, తెర మీద నాయిక చెంపపై గోధుమరంగు మచ్చ పుట్టి, అది నలుదిక్కులా పాకి, చివరికి తెర తెల్లబడేది. జనం ఈలలు వేసేవారు. జబ్బు యేమిటో ఈల వేసిన వారందరికీ తెలుసు. కంప్యూటరులో చిక్కుకోవడానికి ఫిల్ము లేదు. మరి ఆగేది యేమిటి?

యిది తెలియాలంటే కాస్త లెక్క చెయ్యాలి. తెలుగు మాస్టారు లెక్కలు చెబుతున్నాడని నవ్వుకోకండి. మామూలు హెచ్.డి. బొమ్మలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. అంటే ఒక్క బొమ్మకు 20,73,600 చుక్కలు. చుక్కకు మూడు బైట్ల రంగు చొప్పున 62 లక్షల చిల్లర బైట్లు. సెకనుకు ముప్పై బొమ్మలు చూపే వీడియో అనుకోండి. అంటే సెకనుకు 18 కోట్ల 66 లక్షల బైట్లు! యిన్నింటిని తీగె మీద మోయించడం మన వల్ల కాదు. అంచేత వీడియోను పిండి, చుట్టి, మూటగట్టి పంపుతారు. మూట విప్పకముందు దాని బరువు సెకనుకు ఆరు లక్షల బైట్ల దరిదాపుల్లో వుంటుంది. మూడు వందల వంతుల్లో ఒక వంతన్న మాట.

ఆ పిండడంలో వున్న యుక్తి చక్కనిది. ప్రతి బొమ్మనూ పూర్తిగా పంపరు. ఒక బొమ్మను నిండుగా పంపి, దాని తరువాత వచ్చే వాటికి "ఫలానా గడిలో యింత మార్పు, మిగిలినదంతా వెనుకటి వలెనే" అని చీటీలు మాత్రం పంపుతారు. సిరిసిల్లలో చీర నేసే వారికి యిది చెప్పనక్కరలేదు. ఒంటి నేత ఒకటే, అంచులో పువ్వు మారినప్పుడే పని మారుతుంది. కొన్ని సెకన్లకొకసారి మళ్లీ నిండు బొమ్మ వస్తుంది. మధ్యలో ఒక చీటీ చినిగినా, విప్పేవాడు తప్పు చదివినా, ఆ తప్పు తరువాతి బొమ్మలన్నింటికీ పాకుతుంది. తెర మీద గళ్లు గళ్లుగా, ముఖాలు సాగిపోయి కనిపించడానికి కారణం యిదే. మళ్లీ నిండు బొమ్మ రాగానే మంత్రం వేసినట్లు అంతా సర్దుకుంటుంది. గళ్లు వచ్చి రెండు మూడు సెకన్లలో వాటంతట అవే పోతే, తప్పు మూటలోనో, మూట వచ్చిన దారిలోనో వున్నదని చాలామట్టుకు అనుకోవచ్చు.

ఇక మూట విప్పేవారెవరు? కంప్యూటరులో యిద్దరున్నారు. ఒకడు పెద్ద గుమాస్తా, అంటే ప్రాసెసరు. ఏ పనైనా చేస్తాడు గాని ఒక్కసారి చేతికి నాలుగైదు పనులకు మించి పట్టవు. రెండవది గ్రాఫిక్స్ విభాగం. నిర్మల్ బొమ్మల పని చూసిన వారికి దీని సంగతి తేలికగా బోధపడుతుంది. పొనికి కర్రను చెక్కేవారు చెక్కుతుంటే, పూత పూసేవారు పూస్తుంటే, రంగులద్దేవారు అద్దుతుంటారు. వందలాది చేతులు ఒక్కసారి చిన్న చిన్న పనులు చేస్తాయి. ఆ విభాగంలోనే వీడియో మూట విప్పడానికి ప్రత్యేకంగా ఒక మూల కేటాయించి వుంటుంది. అది తనకు నేర్పిన కట్టునే విప్పగలదు, కొత్త కట్టు వస్తే దానికి చేతకాదు.

చిక్కంతా యిక్కడే వుంది. మూటగట్టే పద్ధతులు మారుతూ వచ్చాయి. 2003లో హెచ్.264 అనేది వచ్చింది. 2013లో వి.పి.9, హెచ్.265 వచ్చాయి. 2018లో ఏ.వి.1 వచ్చింది. పద్ధతి కొత్తదైన కొద్దీ మూట చిన్నదవుతుంది, విప్పడం కష్టమవుతుంది. యూట్యూబు వారు యీ కొత్త కట్లు విరివిగా వాడుతున్నారు. మీ యింట్లోని కంప్యూటరు 2013, 14 నాటిదైతే అందులోని గ్రాఫిక్సు మూలకు ఏ.వి.1 తెలియదు. వి.పి.9 కూడా తెలియకపోవచ్చు. అప్పుడు భారమంతా పెద్ద గుమాస్తా నెత్తిన పడుతుంది. ఆయన ఆపసోపాలు పడుతూ విప్పుతాడు, అందుకోలేనప్పుడు బొమ్మలు వదిలేస్తాడు.

మా మల్యాల మండలంలో లంబాడిపల్లి అనే చిన్న వూరున్నది. 2012లో శ్రీరాం శ్రీకాంత్ అనే యువకుడు ఆ వూళ్లో మై విలేజ్ షో ప్రారంభించాడు. పొలం పనులు చేసుకునే గంగవ్వ అందులో నటించి దేశదేశాల తెలుగువారికి చిరపరిచితురాలైంది. గల్ఫులో వున్న మా జిల్లా వాళ్లు ఆమె మాట విని యింటిని తలచుకుంటారు. అటువంటి గంగవ్వ, లంబాడిపల్లికి కూతవేటు దూరంలోని యింట్లో తెర మీదికి వచ్చి, నోరు తెరిచి, తెరిచిన నోరు తెరిచినట్లే నిలబడిపోతే యింటివారికి యెంత వుక్రోషంగా వుంటుంది! దీనికి చౌకైన మందు ఒకటున్నది. బ్రౌజరుకు హెచ్264ఇఫై అనే చిన్న అనుబంధం తగిలిస్తే, అది యూట్యూబు వారిని పాత కట్టులోనే మూట పంపమని కోరుతుంది. పాత యంత్రం హాయిగా విప్పుకుంటుంది. పైసా ఖర్చు లేదు. అదీ వద్దంటే వీడియో నాణ్యతను 480కి దించుకోండి. చిన్న తెర మీద తేడా కనిపెట్టేవారు తక్కువ.

అయితే నిలబడిన ప్రతి బొమ్మకూ యిదే కారణమనుకుంటే ప్రమాదం. కోరుట్లలో నాకు తెలిసిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడున్నారు. పోయిన యేడు ఫోను చేశారు.

"తమ్మీ, జర ఒక్కపారి వచ్చి సూడరాదు? బిడ్డ పెండ్లి వీడియో నడుస్తలేదు. దుకాణపాయన ఫార్మాటు కొట్టాలె అంటున్నడు."

"కొట్టనియ్యకుండ్రి సార్. నేను అచ్చేదాక కంప్యూటరు బందువెట్టి వుంచుండ్రి" అన్నాను.

పెళ్లి 2011లో జరిగింది. వీడియో తీసినవాడు యిచ్చిన డి.వి.డి. గీతలు పడి యెన్నడో పాడైంది. కంప్యూటరులో దాచిన ప్రతి ఒక్కటే మిగిలింది. అందులో అప్పగింతలనాడు ఆయన తల్లి పాడిన పాట వుంది. ఆ ముసలమ్మ యిప్పుడు లేదు. ఆమె గొంతు వున్నది ఆ ఒక్క చోటనే. ఫార్మాటు కొట్టడమంటే పలక తుడిచినట్లు లోపల వున్నదంతా తుడిచివేయడం. దుకాణంవాడికి దుర్బుద్ధి లేదు, అతనికి తెలిసిన మందు అదొక్కటే. కాని అన్ని జ్వరాలకూ ఒకే గోలీ యిచ్చే వైద్యుని చేతిలో ప్రాణం పెట్టలేము గదా.

నేను వెళ్లి చేసిన పని గొప్పదేమీ కాదు. వీడియోను మూడుసార్లు ఆడించి చూశాను. మూడుసార్లూ ఒకే చోట, నలభై ఒకటో నిమిషంలో ఆగింది. ఆగినప్పుడు డబ్బాలో నుంచి టిక్కు టిక్కుమని సన్నని చప్పుడు. వేరే వీడియో పెడితే అది సాఫీగా నడిచింది. యింతటితో రోగం తెలిసిపోయింది. యంత్రం అలసి ఆగితే యెక్కడపడితే అక్కడ ఆగుతుంది. ఒకే దస్త్రం ఒకే చోట ఆగుతున్నదంటే ఆ దస్త్రమైనా చెడి వుండాలి, దానిని దాచిన హార్డుడిస్కులో ఆ చోటైనా చెడి వుండాలి. టిక్కుమనే చప్పుడు డిస్కుదే. చదివించలేని చోట పదే పదే చదవడానికి అది పెనుగులాడుతుంటుంది. ఆ పెనుగులాట సాగినంతసేపూ కంప్యూటరు మొత్తం కొయ్యబారిపోతుంది. ఇటువంటి డిస్కును యెంతగా ఆడిస్తే అంతగా పాడవుతుంది.

డిస్కు విప్పి, మరొక కంప్యూటరుకు రెండవ డిస్కుగా తగిలించి, ముందు ఫొటోలు, తరువాత కాగితాలు, చివర ఆ పెళ్లి వీడియో నకలు తీశాము. చెడిన చోటును దాటవేసి మిగిలినది తీసుకునే సాధనాలున్నాయి, వాటితో ఒక రాత్రంతా పట్టింది. పదకొండు సెకన్లు పోయాయి. పాటలో ఒక చరణం చివర తెగింది. మిగిలినదంతా దక్కింది. మాస్టారి భార్య తెగిన చరణం తాను పాడి వినిపించింది. కోడలు గనుక ఆమెకు కంఠతా వచ్చు.

కాబట్టి దుకాణానికి వెళ్లేముందు యింట్లోనే కొన్ని పరీక్షలు చెయ్యవచ్చు. బొమ్మ ఆగినప్పుడు మాట వినిపిస్తున్నదా అని చూడండి. మాట సాగుతూ బొమ్మ ఒక్కటే ఆగితే, గోల గ్రాఫిక్సు వద్దనో బ్రౌజరు వద్దనో వుంది. మాట కూడా ఒకే అక్షరం మీద గిర్రున తిరుగుతూ, మౌసు బాణం కదలకుండా వుంటే యంత్రమంతా స్తంభించిందన్న మాట. అప్పుడు అనుమానించవలసినవి వేడిమి, మెమరీ, కరెంటు, డిస్కు. ఇంటర్నెట్టు లోపమైతే తెర మధ్య గుండ్రని చక్రం తిరుగుతుంది గాని యంత్రం మీ మాట వింటూనే వుంటుంది.

గళ్లు, చారలు కనిపించినప్పుడు మరొక చక్కని పరీక్ష వుంది. ప్రింట్ స్క్రీన్ మీట నొక్కి తెరను ఫొటోగా దాచి, దానిని మరొకరి ఫోనుకు పంపి చూడమనండి. వారికీ చారలు కనిపిస్తే తప్పు డబ్బా లోపల పుట్టింది. వారికి శుభ్రంగా కనిపిస్తే తప్పు మీ తెరదో, దానికి వెళ్లే తీగెదో. తీగె పీకి మళ్లీ బిగించి చూడండి. డబ్బా మీద చరిస్తే బాగుపడటంలోని రహస్యం యిదే. లోపలెక్కడో వదులైన కొన ఒకటి ఆ దెబ్బకు క్షణకాలం అతుక్కుంటుంది. ఆ దెబ్బకే డిస్కు ప్రాణం పోవచ్చు కూడా, అంచేత ఆ వైద్యం మానేయడం మంచిది.

గ్రాఫిక్సు మీద అనుమానం కలిగితే ముందు డ్రైవరును విచారించాలి. డ్రైవరంటే ఆర్టీసీ బస్సు నడిపే ఆయన కాదు. గ్రాఫిక్సు విభాగానికీ విండోసుకూ మధ్య దుబాసీ పని చేసే ప్రోగ్రాము. దుబాసీ తప్పు చెబితే యిద్దరు బుద్ధిమంతుల మధ్యనైనా తగవే. గ్రాఫిక్సు రెండు సెకన్లపాటు పలకకపోతే, విండోసు దాని మెడ పట్టి మళ్లీ లేవదీస్తుంది. తెర ఒక్కసారి నల్లబడి, తిరిగి వెలిగేది అందుకే. ఆ పని మనమే చేయించవచ్చు. విండోస్, కంట్రోల్, షిఫ్ట్ మీటలు మూడూ పట్టుకుని బి అక్షరం నొక్కండి. నిలబడిన బొమ్మ ఒక్కొక్కసారి అంతటితో కదులుతుంది. యీ మధ్యనే విండోసు నవీకరణ జరిగి, ఆ మర్నాటి నుంచే జబ్బు మొదలైతే, డివైస్ మేనేజరులోకి వెళ్లి పాత డ్రైవరుకు తిరిగి రావచ్చు. కొత్తది యెప్పుడూ మేలని నమ్మనక్కరలేదు. క్రోము బ్రౌజరు సెట్టింగులలో, సిస్టమ్ అనే చోట, గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ అని ఒక మీట వుంటుంది. దానిని ఆపి, బ్రౌజరు మూసి తెరిచి చూడండి. ఆపితే జబ్బు పోతే తప్పు డ్రైవరుదో గ్రాఫిక్సుదో అని తేలినట్లే. అయితే అది పరీక్షే గాని మందు కాదు. ఆపి వుంచితే భారమంతా మళ్లీ గుమాస్తాదే.

ఇక ఎండ. మే నెలలో రామగుండంలో, ఆదిలాబాదులో 45 డిగ్రీలు దాటడం మాకు కొత్త కాదు. ప్రాసెసరు నూరు డిగ్రీల దరిదాపులకు వెళితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అప్పటికీ తగ్గకపోతే ఆరిపోతుంది. ఫ్యాను విసిరేది గదిలోని గాలినే గదా! గదే కుంపటిలా వుంటే అది చల్లబరిచేదేముంది? పైగా ఫ్యాను వెనుక వుండే సన్నని రేకుల మధ్య గోదావరిఖని వైపు బొగ్గు నుసి, ఆదిలాబాదులో జిన్నింగు మిల్లుల దగ్గర పత్తి నూగు చేరి, కంబళి కప్పినట్లు కప్పుతాయి. పొద్దున సజావుగా నడిచి, మధ్యాహ్నం అరగంట వీడియో చూసేసరికి ఆగే యంత్రానికి నూటికి తొంభై పాళ్లు యిదే జబ్బని నా అనుభవం. డబ్బా తెరిచి, ఫ్యాను రెక్కను వేలితో పట్టుకుని, మెత్తని కుంచెతోనూ బ్లోయరుతోనూ దుమ్ము వదిలించండి. రెక్కను పట్టుకోకుండా ఊదితే అది బొంగరంలా తిరిగి పాడవుతుంది. ప్రాసెసరుకూ దాని మీది లోహపు దిమ్మకూ మధ్య పూసే పేస్టు కొన్నేళ్లకు ఎండి పెచ్చులూడుతుంది. దానిని మార్పించడానికి అయ్యే ఖర్చు తక్కువ. ల్యాప్‌టాపునైతే పరుపు మీద, ఒడిలో దిండు మీద పెట్టి వాడకండి. దాని ముక్కు పొట్ట కింద వుంటుంది.

కరెంటు సంగతి చెబితే నవ్వు వస్తుంది. రామగుండంలో ఎన్‌టీపీసీ వారి మొదటి యూనిట్ 1983లో వెలిగింది. యేడు యూనిట్లు కలిపి 2600 మెగావాట్లు. ఇక్కడి బొగ్గు మండితే దక్షిణ దేశమంతా దీపాలు వెలుగుతాయి. అదే జిల్లాలో వూరి చివర యింట్లో, మోటార్లు వేసే వేళకు వోల్టేజి తగ్గి ఫ్యాను నీరసంగా తిరగడం చూస్తూనే వున్నాము. వీడియో ఆడేటప్పుడు కంప్యూటరు యెక్కువ కరెంటు లాగుతుంది. డబ్బాలోని ఎస్.ఎమ్.పి.ఎస్. ముసలిదైతే ఆ లాగుడుకు తట్టుకోలేక యంత్రం ఆగడమో, తనంతట తాను మళ్లీ మొదలుకావడమో జరుగుతుంది. యూపీఎస్ లేని యింట్లో ముందు దానిని కొనండి, కొత్త గ్రాఫిక్సు కార్డు సంగతి తరువాత. మెమరీ పలకల అంచున వున్న బంగారు రంగు పళ్లను, కరెంటు తీగె పీకిన తరువాత, పెన్సిలు చెరిపే రబ్బరుతో మెల్లగా రుద్ది మళ్లీ బిగించడం మన ప్రాంతంలో ప్రతి మెకానిక్కూ చేసే పని. చూడటానికి నాటు వైద్యంలా వున్నా, పట్టిన చిలుము వదులుతుంది గనుక గుణం కనిపిస్తుంది.

కొన్ని రోగాలకు మందు లేదన్నది కూడా చెప్పాలి. కంప్యూటరు వేయగానే, విండోసు రాకముందే, తయారీదారు పేరు కనిపించే తెర మీదనే చారలుంటే డ్రైవరును నిందించి లాభం లేదు. గ్రాఫిక్సు చిప్పుకే దెబ్బ తగిలింది. వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి, చిప్పు కింద వుండే సన్నని అతుకులు బీటలు వారుతాయి. 2008 జూలైలో ఎన్విడియా వంటి పెద్ద కంపెనీయే తన ల్యాప్‌టాపు చిప్పులలో యిటువంటి లోపం వున్నదని ఒప్పుకుని, మరమ్మత్తుల నిమిత్తం పదిహేను కోట్ల నుంచి యిరవై కోట్ల డాలర్ల దాకా ఖర్చు రాసుకున్నది. వేడి గాలి కొట్టి చిప్పును బతికిస్తామనే వారు ప్రతి వూళ్లోనూ వున్నారు. బతుకుతుంది, కొన్ని వారాలు. ఆ వారాలలో దస్త్రాలు నకలు తీసుకోవచ్చునేగాని, ఆ మరమ్మత్తుకు వేలు పోయడం దండగ. డెస్కుటాపైతే కార్డు ఒక్కటి పీకి, మదరుబోర్డులో వుండే గ్రాఫిక్సుతో నడిపించి చూడండి. వీడియో చూడటానికి సాధారణంగా అదే సరిపోతుంది.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్టు వారి ఉచిత సేవ సాధారణంగా ముగిసింది. మన యిళ్లలోని పాత యంత్రాలలో అనేకం విండోస్ 11కు అర్హమైనవి కావు. అటువంటి వాటిలో లినక్సు వేసుకుని పిల్లల పాఠాలు చూపిస్తున్న యిళ్లు వున్నాయి. అదీ మొదట ఇన్‌స్టాలు చేయకుండా పెన్‌డ్రైవు నుంచి నడిపి చూడవచ్చు. అందులో వీడియో బాగా ఆడితే మదరుబోర్డూ గ్రాఫిక్సూ చెడలేదని, తప్పు పాత విండోసుదో దాని డ్రైవరుదో డిస్కుదో అని చాలామట్టుకు అనుకోవచ్చు. దుకాణంవాడు "మదరుబోర్డు పోయింది సార్" అన్నప్పుడు, యీ పెన్‌డ్రైవు అతని చేతికిచ్చి, మీ యెదుటనే ఒక పదినిమిషాలు ఆడించి చూపమనండి. ఫార్మాటు మాట యెత్తితే, లోపలి దస్త్రాలు మరొక డిస్కులోకి చేరాయా, అవి తెరుచుకుంటున్నాయా అని మీ కళ్లతో చూసుకున్న తరువాతనే సరేననండి.